ముందు హాజరు పిలవండి

అంగుళం కూడా కదలకుండా మూడు జిల్లాలు చూసిన ఊరు పర్చూరు. మా నాన్న బడికి వెళ్ళే రోజుల్లో అది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. రెండేళ్ళకు ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. నా చదువంతా ప్రకాశం జిల్లాలోనే సాగింది. 2022 ఏప్రిల్ 4 నుంచి మాది బాపట్ల జిల్లా. చిరునామాలు మారాయి, పంటలు మారాయి, మనుషుల కొలువులు మారాయి. ఇన్ని మారినా ఒక లెక్క మాత్రం మారలేదని ఈ మధ్యనే నాకు తెలిసివచ్చింది. నలుగురు కలిసే చోటికి ఎవరిని పిలిచి తీరాలి, ఎవరిని పిలవకపోయినా ఫరవాలేదు అనే లెక్క అది.

సంగతి ఇదీ. మాది 1985-86 పదో తరగతి. నలభై యేళ్ళు నిండిన సందర్భంగా పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం జరపాలని మా వాళ్ళ సంకల్పం. సంకల్పం మంచిదే. బడి పేరు చెప్పను. చెప్పినా ప్రయోజనం లేదు. ఇందులో ఉన్నదంతా చదువరులలో చాలామందికి తమ బడి సంగతిలాగే తోస్తుందని నా నమ్మకం. సంక్రాంతి వచ్చినా వేసవి సెలవులు వచ్చినా ఏ కళ్యాణ మండపం ముందు చూసినా ఇదే ఫ్లెక్సీ గదా! పైన సరస్వతీదేవి, పక్కన బడి ఫొటో, కింద వరసగా గుండ్రాల్లో నవ్వుతున్న దాతల ముఖాలు.

సన్నాహాలకోసం పదకొండుమందితో ఒక కమిటీ ఏర్పడింది. అందులో నేనూ ఒకణ్ణి. ఏర్పడింది అంటున్నాను గాని ఎవరు ఎన్నుకున్నారంటే చెప్పలేను. ముగ్గురు అమెరికాలో, ఇద్దరు హైదరాబాదులో, ఒకరు బెంగుళూరులో ఉన్నారు. తక్కినవాళ్ళం గుంటూరు, చీరాల, పర్చూరు. పదకొండుమందిమీ మగవాళ్ళమే. పల్లె నుంచి వచ్చి చదువుకున్నవాళ్ళలో ఒక్కరైనా మాలో లేరు. (మా వైపు పల్లె అంటే ఊరికి అవతల మాల మాదిగల వాడ అని తెలియనివారికోసం చెబుతున్నాను.) ఈ సంగతి మొదటి సమావేశంలో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. కనుక ఈ రాత వాళ్ళమీద ఎంత ఫిర్యాదో నామీదా అంతే ఫిర్యాదు.

కమిటీ అన్నాక ఉపకమిటీలు తప్పవు. భోజనాల కమిటీ, వేదిక కమిటీ, సన్మానాల కమిటీ, జ్ఞాపికల కమిటీ, ఫొటోలూ డ్రోనూ చూసే కమిటీ. గోంగూర పచ్చడి ఉల్లిపాయతో వడ్డించాలా, నూనెలో తాలింపు పెట్టి వడ్డించాలా అన్నదానిమీద గంటన్నర చర్చ జరిగింది. శాలువా ఎంతలో కొనాలన్నదానిమీద ఒక సభ్యుడు అలిగి గుంపు నుంచి తప్పుకుని, బతిమాలించుకుని మళ్ళీ చేరాడు. ఇన్ని కమిటీల్లో, ఇంత చర్చలో, పిలవవలసినవాళ్ళ జాబితా ఎవరు తయారు చెయ్యాలన్న ప్రశ్న మాత్రం రాలేదు. ఎందుకంటే జాబితా అప్పటికే ఉంది. ఒకాయన తన ఫోనులో ఉన్న పేర్లతో వాట్సాప్ గుంపు తెరిచాడు. ఆ చేరినవాళ్ళు తమ ఫోనుల్లో ఉన్నవాళ్ళను చేర్చారు. అదే "మన బ్యాచి" అయింది.

నలభై యేళ్ళ తర్వాత ఒకరి ఫోనులో మరొకరి నంబరు ఎందుకుంటుంది? బంధుత్వం ఉంటే ఉంటుంది. వ్యాపారం ఉంటే ఉంటుంది. ఒకే కులం వాళ్ళయి పెళ్ళిళ్ళలో ఎదురుపడుతుంటే ఉంటుంది. పిల్లలు ఒకే కాలేజీలో చదివితేనో ఒకే దేశం వెళితేనో ఉంటుంది. అంటే బడి విడిచాక మమ్మల్ని కలిపి ఉంచిన తాళ్ళన్నీ బడికి బయటివే. అటువంటి తాళ్ళతో కట్టిన జాబితాకు "తరగతి" అని పేరు పెట్టాం.

అనుమానం వచ్చింది నాకు. ఒక పనిదినాన బడికి వెళ్ళి ప్రధానోపాధ్యాయులవారిని అడిగాను. బడిలో హాజరు పట్టీలు పోయినా అడ్మిషన్ రిజిస్టరు పోదు. దాన్ని శాశ్వతంగా ఉంచవలసిందే. వారు దయతో బీరువా తీయించి, మా యేడాది వరకు చూసుకోనిచ్చారు. అట్ట ఊడి, దారాలు తేలిన పెద్ద పుస్తకం. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, చేరిన తరగతి, బడి విడిచిన తేదీ, విడిచిన కారణం. మాది ఒకటే సెక్షను. పదో తరగతి గడప తొక్కినవాళ్ళను వేరుచేసి కాగితం మీద రాసుకుంటే 54 మంది తేలారు. మా గుంపులో ఉన్నది 24 మంది.

మిగిలిన 30 మంది ఎవరు? ముగ్గురు కాలం చేశారు. పదిహేనుమంది ఆడపిల్లలు. పన్నెండుమంది మగపిల్లలు, ఆ పన్నెండుమందిలో ఎనిమిదిమంది పల్లె పిల్లలు. తక్కిన నలుగురూ పది తప్పి పొలానికో కొట్టుకో పోయినవాళ్ళు.

చనిపోయిన ముగ్గురి పేర్లూ మాత్రం మా కమిటీకి తెలుసు. వాళ్ళకు ఫ్లెక్సీలో నివాళి ఉంది, రెండు నిమిషాల మౌనం కార్యక్రమ పత్రంలో ఉంది. చచ్చినవాళ్ళ పేర్లు రాసుకున్నాం, బతికున్న ఇరవై ఏడుమంది పేర్లు మరిచాం. చచ్చినవాళ్ళతో ఇబ్బంది లేదు. వాళ్ళు చందా ఇవ్వలేమనరు, ఎక్కడ కూర్చోవాలని అడగరు, వేదిక ఎక్కి మనకు తెలియని మన చిన్నతనాన్ని చెప్పరు.

ఆ ముగ్గురిలో ఒకడికి "అకాల మరణం" అని రాశారు. ఆ అకాలానికి ఒక కాలం ఉంది. పది తప్పి వాళ్ళ నాన్నతో పత్తి చేశాడు వాడు. పొగాకు రేగడిలోకి పత్తి వచ్చి, పత్తిమీదికి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చి, వాటితో పురుగును తినే పురుగులు కూడా చచ్చి, 1987లో తెల్లదోమ విరుచుకుపడింది. ఆ యేడాది గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు పురుగుకు తెచ్చిన మందు తామే తాగారు. ఆత్మహత్యల మాట వరంగల్లుతో మొదలైందనుకునేవాళ్ళు చాలామంది. అంతకు పదేళ్ళ ముందే మా రేగడి ఆ వార్త విన్నది. ఫ్లెక్సీ మీద అదంతా రాయమనడం లేదు. కాని వాడు మాకు గుర్తున్నది చనిపోయాడు గనుకే. వాడితోపాటే పత్తి చేసి, అప్పుల్లో మునిగి, తేలి, ఈనాటికీ కౌలుకు మిరప వేస్తున్న మరొకడు ఎవరికీ గుర్తు లేడు.

*

ఈ లెక్క కమిటీ ముందు పెట్టాను. వచ్చిన మొదటి జవాబు ఇది: "ఒరేయ్, వాళ్ళు పది పాసవ్వలేదు గదరా, మన బ్యాచి ఎట్లా అవుతారు?"

ఈ మాట అన్నవాడు దుర్మార్గుడు కాడు. తన ఖర్చుతో మూడుసార్లు హైదరాబాదు నుంచి వచ్చి పనులు చూసినవాడు. అందుకే ఆ మాట నన్ను మరింత కలవరపెట్టింది. పరీక్షకు ముందు ఐదేళ్ళు ఒకే గదిలో కూర్చున్నాం. ఒకే బెత్తం దెబ్బలు తిన్నాం. ఒకే మాస్టారు ఒకే వరసలో పేర్లు పిలిస్తే పలికాం. మార్చి నెలలో వారం పాటు జరిగిన పరీక్ష ఆ ఐదేళ్ళనూ చెరిపేస్తుందా? పాసైనవాళ్ళ సభ కావాలంటే ఆ పేరే పెట్టుకోవచ్చు, ఎవరికీ పేచీ లేదు. "సహాధ్యాయుల సమ్మేళనం" అని ఎందుకు రాస్తున్నాం? సహాధ్యాయి అంటే కలిసి చదివినవాడు. కలిసి పాసైనవాడని ఏ నిఘంటువులోనూ లేదు.

రెండో జవాబు ఆడవాళ్ళ గురించి: "ఇంటిపేర్లు మారిపోయాయి, ఎక్కడని వెతుకుతాం?" నిజమే, ఇంటిపేర్లు మారాయి. మరి పుట్టిళ్ళు మారాయా? నూతలపాడు, చెరుకూరు, ఉప్పుటూరు, నాగులపాలెం, వీరన్నపాలెం, ఇవేగా మా తరగతి పిల్లల ఊళ్ళు. ఈ ఊళ్ళలో ఫలానావారి ఇల్లు ఏదంటే అరుగుమీద కూర్చున్న ముసలాయన చెయ్యెత్తి చూపిస్తాడు. ఆ ఇంట్లో అన్నగారో వదినగారో ఉంటారు, ఆడపడుచు ఏ ఊళ్ళో ఉందో చెబుతారు. ఇంత చిన్న పనిని అసాధ్యమనుకున్నామంటే, మేం వెతకదలచుకోలేదన్నమాట.

ఆడపిల్ల పెళ్ళి వయసు పద్ధెనిమిది అని చట్టం 1978లోనే మార్చారు. మా ఊళ్ళ పెళ్ళిపందిళ్ళకు ఆ కబురు చేరలేదు. మాతో పది చదివిన ఆడపిల్లల్లో ఇద్దరు మెడలో పసుపుతాడుతోనే పరీక్ష రాశారు. ఒకామె వేసవి సెలవుల తర్వాత రాలేదు. రిజిస్టరులో కారణం దగ్గర ఒకే మాట ఉంది, "వివాహం". లెక్కల్లో ఆమె మా అందరికంటే ముందుండేది. ఇవాళ వేదికమీద "లెక్కల్లో ఘనాపాటీ" అని ఎవరికి జ్ఞాపిక ఇవ్వబోతున్నారో నాకు తెలుసు. అతను ఆమె నోటుపుస్తకం చూసి రాసేవాడని మా తరగతికంతటికీ తెలుసు. అతనే ఒప్పుకుంటాడు, అడిగితే. అడిగేవాళ్ళు జాబితాలో ఉండాలిగదా!

*

ఇక పల్లె పిల్లల సంగతి. ఇది రాయడానికే నాకు ఇన్నాళ్ళు పట్టింది.

మేం పదో తరగతిలోకి వచ్చి నెల తిరిగిందో లేదో, 1985 జూలై 17, బుధవారం నాడు కారంచేడు ఘటన జరిగింది. ఆ ఊరు మాకు ఎంతో దూరం కాదు. మంచినీళ్ళ చెరువు దగ్గర నీళ్ళు పాడుచెయ్యవద్దని అడిగినందుకు మొదలైన గొడవ, మర్నాటికి మాదిగపల్లె మీద దాడి అయింది. ఆరుగురిని చంపారు. స్త్రీలమీద అత్యాచారాలు జరిగాయి. మిగిలినవాళ్ళు ఊరు విడిచి చీరాల చేరి, చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడినుంచే దళిత మహాసభ పుట్టింది. 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టానికి దారితీసిన ఘటనల్లో దీన్నీ చెబుతారు. సుప్రీం కోర్టు చివరి తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. అప్పటికి ఇరవై మూడేళ్ళు.

మా తరగతిలో రోల్ నంబరు 31 వాడు ఆ వారం నుంచి బడికి రాలేదు. వాళ్ళ అక్కను కారంచేడులో ఇచ్చారు. వాళ్ళకు తోడుగా చీరాల వెళ్ళాడని తర్వాత విన్నాం. మాస్టారు రోజూ హాజరు పిలిచేటప్పుడు ముప్పై ఒకటి దగ్గర ఆగేవారు. కొన్నాళ్ళు పేరు పిలిచారు. తర్వాత నంబరు మాత్రం పిలిచారు. తర్వాత ముప్పై నుంచి ముప్పై రెండుకు వెళ్ళిపోయారు. మేమెవ్వరం ఏమీ అడగలేదు. ఇంటి దగ్గర పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే, ఆ తగ్గించిన గొంతులోని పక్షమే మా పక్షమని పదిహేనేళ్ళకే మాకు తెలుసు. రిజిస్టరులో అతని పేరు ఎదుట కారణం "దీర్ఘకాలం గైర్హాజరు" అని ఉంది. రాసినవారి తప్పేమీ లేదు. ఆ గడిలో పట్టేది అంతే. కాని నలభై యేళ్ళ తర్వాత కూడా మా కమిటీ ఆ గడిలోనే కూర్చుని ఉంది.

చీరాల వెళ్ళి వెతికాను. ఒక పూట పట్టింది, అంతే. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. నేను "ఒరేయ్" అన్నాను. అతను "రండి, కూర్చోండి" అన్నాడు. ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరం నలభై యేళ్ళలో ఏర్పడింది కాదు. తరగతిలో కూడా అలాగే ఉండేది. మేం వాళ్ళను ఒరేయ్ అనేవాళ్ళం, వాళ్ళు మమ్మల్ని పేరు పెట్టి పిలవవలసిన అవసరం రాకుండా మాట్లాడేవాళ్ళు. అప్పుడు వినపడలేదు, ఇప్పుడు వినపడింది. అటుపై నేనూ "మీరు" అనే మాట్లాడాను.

సభ సంగతి చెప్పాను. ఎవరెవరు వస్తున్నారని అడిగి అందరి క్షేమమూ కనుక్కున్నాడు. కాఫీ తెప్పించాడు. చివర్లో, "నాది ముప్పై ఒకటి కదండీ" అన్నాడు. అంతకు మించి బడి గురించి ఏమీ అనలేదు. వస్తానని గాని రానని గాని చెప్పలేదు. ఎప్పుడని అడిగితే డిసెంబరు 25 అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

ఆ నవ్వు నాకు ఇంటికి వచ్చాక అర్థమైంది. డిసెంబరు 25 ఎందుకు ఖాయం చేశామంటే, అమెరికాలో ఉన్నవాళ్ళ పిల్లలకు క్రిస్మస్ సెలవులు గనుక. ఆ రోజు మా పల్లెల్లో కూడా పండగేనని పదకొండుమందిలో ఒక్కరికి తట్టలేదు. మా ప్రాంతపు పల్లెల్లో క్రిస్మస్ నిన్న మొన్న వచ్చింది కాదు. ధాత కరువు దాటిన 1878లో, జూలై 3న ఒక్కరోజునే ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషను చరిత్రలో అది ప్రసిద్ధమైన రోజు. అంటే నూటయాభై యేళ్ళ నాటి పండగ. కొత్త బట్టలు, తెల్లవారుజాము కారల్స్, గుడి దగ్గర విందు. పదమూడు వేల కిలోమీటర్ల అవతలి పిల్లల సెలవులు మాకు తెలుసు. వాగు అవతలి మనుషుల పండగ తెలియదు.

*

ఇప్పుడు డబ్బు సంగతి. మనిషికి మూడు వేల రూపాయల చందా అన్నారు. మూడు వేలు ఇప్పుడొక లెక్కా అన్నారు. లెక్కే. 2025లో మిరప ధర పడిపోతే ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు అంది. ఆ లెక్కన మూడు వేలంటే పాతిక కిలోల ఎండుమిరపకాయ. కౌలు, మందులు, కోత కూలి, గుంటూరు యార్డుకు టిక్కీలు తోలిన బాడుగ పోగా పాతిక కిలోల మిగులు చూపడం ఎంత కష్టమో మా పర్చూరు పిల్లలకు నేను చెప్పనక్కర్లేదు. 2021లో నల్ల తామరపురుగు తోటలను ఊడ్చి పెట్టింది. ఆ దెబ్బనుంచి లేవనివాళ్ళు ఇంకా ఉన్నారు. కోతకు వెళ్ళే ఆమెకయితే మూడు వేలంటే ఎన్నో రోజుల కూలి, పైగా సభకు వచ్చిన రోజు కూలి పోగా.

"ఇవ్వలేనివాళ్ళకు మినహాయిస్తాం" అని కమిటీ ఔదార్యం. ఎవరికి మినహాయించాలో తేల్చడానికి మరో ఉపకమిటీ! యాభై ఐదేళ్ళ మనిషి తన బీదతనాన్ని చిన్ననాటి స్నేహితుడి దగ్గర దరఖాస్తు పెట్టుకోవాలా? పెట్టుకోరు. రారు. అప్పుడు, "పిలిచాం, రాలేదు" అని మనం రాసుకుంటాం. 1985లో గైర్హాజరని రాసినట్టే.

ఈ చందాలో భోజనానికి అయ్యేది సగం కూడా కాదు. మిగిలినదంతా వేదిక, తెర, డ్రోను, పెట్టెలో పెట్టిన గాజు జ్ఞాపిక, దాతల ఫ్లెక్సీలు. దీని రుచి ఎక్కడనుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. 1977లో న్యూయార్కులో అమెరికా తెలుగువాళ్ళు తొలిసారి మహాసభ జరుపుకున్నప్పుడు, పరాయిదేశంలో ఒక తెలుగు మాట వినాలన్న ఆకలితో కలిశారు. తర్వాతి సభలు ఎంత పెరిగాయో, దాతలకు ఎన్ని మెట్లు వచ్చాయో అందరూ ఎరిగిందే. అక్కడి హంగు ఇప్పుడు తిరుగుటపాలో ఊరికి వచ్చింది. ఆ ఆకలి మాత్రం రాలేదు. సొంత ఊళ్ళో సహాధ్యాయిని చూడడానికి మెడలో బిళ్ళ వేసుకోవాలా?

*

నా పాపం కూడా ఒకటి చెప్పాలి. ఆహ్వానపత్రం రాసింది నేనే. "ఒకే కంచంలో తిని, ఒకే కుండలో నీళ్ళు తాగి పెరిగిన మనం" అని అందంగా రాశాను. అందరూ మెచ్చుకున్నారు. రిజిస్టరు చూసి వచ్చిన రాత్రి ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకుంటే తల ఎత్తలేకపోయాను. ఏ కంచం? ఏ కుండ? మధ్యాహ్నం మేం వేపచెట్టు కింద క్యారేజీలు విప్పేవాళ్ళం. పల్లె పిల్లలు ప్రహరీ గోడ దగ్గర విప్పేవాళ్ళు. ఎవరూ వెళ్ళమని చెప్పలేదు, ఎవరూ రమ్మనీ చెప్పలేదు. నీళ్ళకుండ దగ్గర మేం గ్లాసు ముంచుకునేవాళ్ళం. వాళ్ళు దోసిలి పట్టేవాళ్ళు, పైనుంచి ఎవరో పోసేవారు. అది నేను కళ్ళతో చూసి, చేత్తో పోసి, నలభై యేళ్ళ తర్వాత "ఒకే కుండ" అని రాశాను. జ్ఞాపకాలు తియ్యగా ఉండాలంటే ఎవరినో ఒకరిని మరిచిపోవాలి కాబోలు. ఆ వాక్యం కొట్టేశాను. కమిటీ దాన్ని తిరిగి పెట్టింది, బాగుంది గనుక.

నామీద వచ్చిన పెద్ద ఆక్షేపణ ఇదే: "సంతోషంగా కలిసే రోజు. పాతవన్నీ ఎందుకు తవ్వుతావు? కులం తెస్తావేంటి?" అయ్యా, నేను తేలేదు. పదకొండుమంది కమిటీలో, ఇరవై నాలుగుమంది జాబితాలో అది ముందే వచ్చి కూర్చుని ఉంది. నేను దాని పేరు పైకి చదివాను, అంతే. తవ్వకుండా పాతవి పూడుకుపోయి ఉంటే నాకూ సంతోషమే. చీరాలలో "రండి, కూర్చోండి" అన్న మాట విన్నాక పూడలేదని తెలిసింది.

రెండో ఆక్షేపణ మరింత నేర్పుగా ఉంటుంది: "మనం పిలిచినా వాళ్ళు రారు." కావచ్చు. రాకపోవడానికి వాళ్ళకు వెయ్యి కారణాలు ఉండవచ్చు, అన్నీ న్యాయమైనవే కావచ్చు. అయితే రానని చెప్పే హక్కు పిలుపు అందినవాడికే ఉంటుంది. పిలవకుండానే వాళ్ళ తరఫున మనం "రారు" అని చెప్పడం వాళ్ళకు ఉన్న ఆ కాస్త హక్కునూ లాగేసుకోవడం.

మూడోది: "అంతమందిని వెతికే తీరిక ఎవరికుంది?" పెళ్ళిపిలుపులకు తీరిక ఎలా దొరుకుతున్నది? ఇంటికి పిన్నిగారి తోటికోడలి అన్నగారిని కూడా గుర్తుపెట్టుకుని, వెతికి, గడప తొక్కి, బొట్టు పెట్టి పిలుస్తాం. పిలుపు తప్పితే తరతరాలు మాట్లాడుకోరని మనకు భయం. వాట్సాప్‌లో పెళ్ళి పిలుపు పంపితే "ఇంటికొచ్చి పిలవలేదు" అని మూతి ముడుచుకునేది మనమే. మిగిలింది ఇరవై ఏడుమంది. కమిటీలో మనిషికి ముగ్గురికంటే తక్కువ. అమెరికావాళ్ళను వదిలేసినా మనిషికి నలుగురు మించరు. ఒక ఆదివారం పని.

*

కమిటీ నుంచి తప్పుకున్నాను. అలిగి తప్పుకోలేదు, సభ ఇంకా జరగలేదు, జరగకూడదని నేను కోరుకోవడమూ లేదు. తప్పుకుంటూ రాసిచ్చిన కోరికలను ఇక్కడ కూడా పెడుతున్నాను, ఇలాంటి కమిటీల్లో ఉన్న మిత్రులకు పనికొస్తాయేమోనని.

ఒకటి, జాబితా ఫోనులోంచి కాదు, రిజిస్టరులోంచి రాయండి. పాసు, ఫెయిలు, మధ్యలో మానినవాళ్ళు అందరూ అందులో ఉండాలి. రెండు, ప్రతి పేరుకూ ఒక మనిషి వెళ్ళి గడపలో నిలబడి పిలవాలి. మూడు, తేదీ ఊళ్ళో ఉన్నవాళ్ళ పొలాన్నీ పండగనూ చూసి పెట్టండి. విమానం ఎక్కేవాడు టిక్కెట్టు మార్చుకోగలడు, మిరప కోత ఆగదు. నాలుగు, చందా వద్దు. గుమ్మం దగ్గర మూతిబిగించిన డబ్బా పెట్టండి. వేసినవాడు ఎంత వేశాడో, వెయ్యనివాడెవరో ఎవరికీ తెలియకూడదు. తక్కువైతే జ్ఞాపికలు మానండి. ఐదు, మాస్టార్లతోపాటు గంట కొట్టిన బంట్రోతుకూ కుర్చీ వెయ్యండి. ఆయన పేరు కూడా కమిటీకి గుర్తు రాలేదు.

ఆరోది ఒక్కటే అసలు కోరిక. ఉపన్యాసాలకు ముందు, సన్మానాలకు ముందు, పాత తరగతి గదిలో అందరూ కూర్చున్నాక, బతికున్న మాస్టార్లలో ఒకరిచేత ఒకటో నంబరు నుంచి యాభై నాలుగో నంబరు దాకా హాజరు పిలిపించండి. పలికినవాళ్ళు పలుకుతారు. పలకని పేరు దగ్గర మాస్టారు ఆగాలి. ఆ ఆగిన క్షణంలో పక్కవాళ్ళెవరైనా చెప్పాలి, వాడు ఎక్కడున్నాడో, ఆమె ఏం చేస్తున్నదో, ఎందుకు రాలేదో. చెప్పలేకపోతే తలవంచుకుని కూర్చోవాలి. నంబరు దాటెయ్యకూడదు.

ముప్పై ఒకటి దగ్గర నేను చెబుతాను. అతను తనంతట తానే వచ్చి పలికితే అంతకంటే కావలసిందేముంది!

ఇంతే సంగతులు, చిత్తగించవలెను.